రెండో కుక్క తెద్దామా వద్దా

మా ఇంట్లో రెండో కుక్క మాట మొదట ఎత్తింది మా అమ్మాయి. ఆదివారం చర్చి నుంచి వచ్చి కోడికూర, అన్నం ముందు కూర్చున్నాం. భోజనానికి ముందు మా ఆయన ప్రార్థన చేస్తుంటే మా కుక్క గుమ్మం దగ్గర తల వంచుకుని కూర్చుంటుంది. ఆమేన్ అనగానే లేస్తుంది. అదంతా భక్తి అని మా అత్తగారు చర్చిలో అందరికీ చెప్పుకుంటుంది. ఆ మాట వినపడ్డాకే గిన్నెలో ముక్కలు పడతాయని కుక్కకి తెలుసు, అంతే. ప్రార్థన కాస్త సాగితే గొంతులోంచి సన్నగా మూలుగు కూడా వస్తుంది. అప్పుడు మా ఆయన దేశం కోసం చెయ్యాల్సిన ప్రార్థన మానేసి మా కుటుంబం వరకే చేసి ముగిస్తాడు.

ఆ ఆదివారం ఆమేన్ అన్నా అది లేవలేదు. గిన్నె జరిపితే వచ్చి వాసన చూసింది. మన మాట తీసెయ్యకూడదన్నట్టు ఒక ముక్క నోట పెట్టుకుని, వెళ్ళి కిటికీ కింద పడుకుంది.

"ఈడికి తోడు నేదమ్మా. దిగులెట్టుకున్నాడు. ఇంకో కుక్కని తెద్దాం" అంది మా అమ్మాయి.

దానికి తొమ్మిదో తరగతి. ఏ జబ్బు కనపడినా తనకి కావలసిన వస్తువే దానికి మందు అని చెప్పగలదు. కిందటేడు నా నడుం నొప్పికి వాళ్ళ నాన్న చేత కొత్త ఫోను కొనిపించబోయింది.

ఇక్కడ కుక్క గురించి కాస్త చెప్పాలి. ఎర్ర రంగు నాటు కుక్క. ఒక చెవి నిలబడి ఉంటుంది, ఇంకోటి సగంలో మడత పడిపోయి ఉంటుంది. అందుకని ఎప్పుడూ సగం మాటే వింటున్నట్టు కనిపిస్తాడు. వాడికి ఒక పేరుంది గానీ ఇక్కడ రాయను. మా ఆయన అప్పట్లో తన పై ఆఫీసరు మీద కోపం వచ్చి ఆయన పేరే పెట్టేశాడు. ఆ ఆఫీసరు రిటైరయ్యాక మా చర్చికే రావడం మొదలుపెట్టాడు. మా బెంచీ వెనకాలే కూర్చుంటాడు, చాలా మంచి మనిషి. అప్పటి నుంచి కుక్కని వీధిలో పేరు పెట్టి పిలవడం మానేశాం. మా అత్తగారు 'ఈడు' అంటుంది, మేం 'రారా' అంటాం. ఏమన్నా వస్తాడు.

వాడు నాకు ఒడిశా కొండల్లోని కోరాపుట్‌లో దొరికాడు. నేను నర్సుని. అక్కడి ఆసుపత్రిలో పని చేసిన రోజుల్లో క్వార్టర్సులో ఒక్కదాన్నే ఉండేదాన్ని. మా ఆయనది గుడారిలో బ్లాకు ఆఫీసు ఉద్యోగం. అమ్మాయి చదువు ఇక్కడ రాయగడలో, అత్తగారి దగ్గర. సెలవు దొరికితే సొరంగాల్లో దూరుకుంటూ వచ్చే రైలెక్కి రాయగడ వచ్చేదాన్ని, లేకపోతే లేదు. కోరాపుట్‌లో వర్షం మొదలైతే ఆరేసిన బట్ట వారానికి గానీ ఆరదు. అలాంటి ఒక సాయంత్రం నా స్కూటీ కింద తడిసి ముద్దైన పిల్ల ఒకటి కూర్చుని ఉంది. స్కూటీ తియ్యాలంటే దాన్ని తియ్యాలి. తీశాను. మళ్ళీ కింద పెట్టడం కుదరలేదు.

మంచు కమ్మిన పొద్దుల్లో డ్యూటీకి నడిచి వెళ్తుంటే వాడు నాలుగడుగులు ముందు నడిచేవాడు. నేను కనపడకపోతే ఆగి, వెనక్కి చూసేవాడు. ఆసుపత్రి గేటు దాకా దిగబెట్టి, వెళ్ళిపొమ్మంటే వెళ్ళిపోయేవాడు. ఆ రోజుల్లో నాతో ఇంట్లో మాట్లాడిన మనిషి, అంటే నేను మాట్లాడగా విన్న మనిషి, వాడొక్కడే. రాయగడకి బదిలీ వచ్చినప్పుడు సామాన్ల వ్యానులో నా పరుపు మీద పడుకుని వచ్చాడు. డ్రైవరు పక్కన సీటు ఖాళీగా ఉన్నా నేనూ వెనకే కూర్చున్నాను.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, రెండో కుక్క అన్న మాట వినగానే నాకు చివుక్కుమంది. ఎందుకో అప్పుడు తెలియలేదు. పైకి మాత్రం ఎవరు కడుగుతారు, ఎక్కడ పడుకుంటుంది, నేను డ్యూటీలకి పోతే ఎవరు చూస్తారు అని నర్సు ప్రశ్నలే అడిగాను.

మా అత్తగారు మొదటి రోజే తన మాట చెప్పేసింది. "ఒక కుక్కుంటే కాపలాకి. రెండు కుక్కలుంటే కొట్లాటకి. మూడోదొస్తే ఇల్లు ఆటికి ఒగ్గీసి మనం బైటికెల్లాల." మూడో దాని ఊసు ఎవరూ ఎత్తలేదని అమ్మాయి అంటే, రెండోది వచ్చాక మూడోది ఎత్తుతారని, తనకి మనుషులు తెలుసని అంది.

మా ఆయన పద్ధతి వేరు. అమ్మాయి దగ్గర కూర్చున్నప్పుడు, మూగజీవికి తోడుండాలి కదా అంటాడు. నా పక్కన కూర్చున్నప్పుడు, ఒక్కదానికే తీరిక లేదు మనకి అంటాడు. తల్లి దగ్గరికి వెళ్ళి ఆవిడ ఎలా అంటే అలా అంటాడు. ముగ్గురం ఒకేచోట ఉన్నప్పుడు మాత్రం బజారులో పనుందని వెళ్ళిపోతాడు. ఆఫీసులో నేర్చుకున్న విద్య అది.

ఇలా ఉండగా ఆయనే ఒకరోజు సాయంత్రం గుడారి నుంచి వస్తూ ఫోనులో ఒక ఫొటో తెచ్చాడు. వాళ్ళ ఆఫీసు అటెండరు ఇంట్లో కుక్క పిల్లల్ని పెట్టిందట. అందులో ఒకటి తెల్లది, వీపు మీద నల్ల మచ్చ. ఊరికే చూపిద్దామని తీశాను అన్నాడు. మా అమ్మాయి ఆ ఫొటోని పెద్దది చేసి, చిన్నది చేసి, తన స్నేహితురాళ్ళందరికీ పంపి, వాళ్ళ దగ్గర నుంచి వచ్చిన జవాబులు మాకు చదివి వినిపించింది. చివరికి ఒక మాట అంది. తోడు వాడికి గనక, ఎంచుకోవలసింది వాడే కదా.

అందుకని ఒక శనివారం తెలిసినాయన జీపు తీసుకుని కుక్కని వెంటబెట్టుకుని గుడారి వెళ్ళాం. అత్తగారు రానంది. వెళ్ళేటప్పుడు మాత్రం వాడి మెడకి పౌడరు రాసింది. ఎందుకని అడిగితే, మనింటి నుంచి ఎల్తన్నాడు కదా, పరాయోల్లు ఏటనుకుంతారు అంది.

దారిలో మలుపులకి వాడు మా ఆయన ఒళ్ళో కక్కుకున్నాడు. అటెండరు వాళ్ళు మా కోసం టీ, బిస్కెట్లు పెట్టి, పిల్లని కడిగి, తుడిచి, అరుగు మీద కూర్చోబెట్టి ఉంచారు. అచ్చం పెళ్ళిచూపులే. మా వాడు జీపు దిగలేదు. మా ఆయన లాగాడు, అమ్మాయి బతిమాలింది, నేను బిస్కెట్టు చూపించాను. సీటు కిందకి దూరి, తోక కూడా లోపలికి లాక్కుని కూర్చున్నాడు. చివరికి పిల్లనే ఎత్తుకొచ్చి జీపులో పెట్టారు. అది వాడి మూతి వాసన చూసింది. వాడు తల పక్కకి తిప్పుకుని గోడ మీద రాసిన సిమెంటు ప్రకటన చదువుతున్నట్టు కూర్చున్నాడు.

"ఈ బాబుకి ఇష్టం నేనట్టున్నాది" అన్నాడు అటెండరు, నిజంగానే కాస్త నొచ్చుకుని.

ఇంటికెళ్ళి ఆలోచించుకుని చెబుతాం అన్నాం. అటెండరు ఇల్లాలు తలూపి, మిగిలిన బిస్కెట్లు కాగితంలో చుట్టి ఇచ్చింది. వచ్చే దారిలో వాడు మాత్రం కిటికీలోంచి తల బయటపెట్టి, చెవులు ఎగరేసుకుంటూ హుషారుగా ఉన్నాడు.

ఆ తర్వాత కూడా వాడి తిండి బాగుపడలేదు. పొద్దున కొంచెం తినడం, రాత్రి అన్నం వదిలెయ్యడం. నాకు భయం పట్టుకుంది. కళ్ళు చూశాను, చిగుళ్ళు చూశాను, పొట్ట నొక్కి చూశాను. ఏ జబ్బూ కనపడలేదు. పైగా ఒళ్ళు చేశాడు. తిండి తినని వాడు లావెలా అవుతాడన్న ప్రశ్న ఇంట్లో నలుగురిలో ఎవరికీ తట్టలేదు. పగలంతా వాడు ఎక్కడుంటాడని అడిగితే, ఇంట్లో అత్తగారి దగ్గర అని మేం, ఈదిలో తిరగడానికెల్లేడు అని అత్తగారు. ఒకరి మీద ఒకరం వేసుకుని బతికేస్తున్నాం.

నాకు వారం మధ్యలో ఒక సెలవు దొరికింది. మా ఆయన గుడారి బస్సుకి, అమ్మాయి బడికి వెళ్ళిపోయారు. వాడు లేచి, ముందు కాళ్ళు చాపి ఒళ్ళు విరుచుకున్నాడు. గేటు ముక్కుతో తోసుకుని బయల్దేరాడు. తిరగడానికి వెళ్ళే కుక్క స్తంభం దగ్గరొకసారి, చెత్తకుండీ దగ్గరొకసారి ఆగుతుంది కదా. వాడు ఎక్కడా ఆగలేదు. నేను చెప్పులేసుకుని వెనకే వెళ్ళాను.

రైల్వే గేటు వేసి ఉంది. జనం ఎప్పటిలాగే కడ్డీ కింద నుంచి దూరి దాటుతున్నారు. వాడు దాటలేదు. గేటు ముందు కూర్చుని గూడ్సు బండి మొత్తం వెళ్ళేదాకా చూశాడు. గేటు ఎత్తాక లేచి, లారీని ముందు పోనిచ్చి, పక్క నుంచి దాటాడు. నాకు భయం వేసే చోట కూడా గర్వం వచ్చింది. అవతల బియ్యం మిల్లు పక్క సందులోకి తిరిగి, ఒక దర్జీ కొట్టులోకి తన ఇంట్లోకి వెళ్ళినట్టు వెళ్ళిపోయాడు.

నేను గుమ్మంలో నిలబడి చూశాను. కొట్టు చిన్నది. నా వయసున్న ఒడియా ఆవిడ మిషను మీద జాకెట్టు కుడుతోంది. గుడ్డ కత్తిరించే బల్ల కింద రంగురంగుల ముక్కలు కలిపి కుట్టిన బొంత పరిచి ఉంది. దాని మీద నిగనిగలాడే నల్ల ఆడకుక్క పడుకుని ఉంది. మా వాడు వెళ్ళి దాని పక్కన, అరిగి గుంట పడిన చోట, సరిగ్గా ఇమిడిపోయాడు. ఆ గుంట వాడి కొలతకే పడినట్టు ఉంది.

ఆవిడ తలెత్తకుండానే, "ఆసిలా, జ్వాఁయి?" అంది.

జ్వాఁయి అంటే ఒడియాలో అల్లుడు. అల్లుడు గారు వచ్చారా అని పలకరించింది వాడిని. వాడు తోకతో నేల మీద రెండు దెబ్బలు కొట్టాడు. అప్పుడు నన్ను చూశాడు. కుక్కలకి మొహం చెల్లకపోవడం అనేది ఉంటుందో ఉండదో నాకు తెలియదు. మడత పడ్డ చెవి ఇంకొంచెం వాలింది, అంతే. లేచి మాత్రం రాలేదు.

ఇది మా కుక్కండీ అన్నాను. రాయగడలో ఉన్న వాళ్ళకి అందరికీ రెండు భాషలూ వచ్చు గనక మా మాటలు తెలుగులో మొదలై ఒడియాలోకి, అందులోంచి మళ్ళీ తెలుగులోకి వెళ్ళాయి. ఆవిడ మిషను ఆపి నన్ను ఎగాదిగా చూసింది. వాడు చలికాలం నుంచీ వస్తున్నాడట. మెడలో పటకా ఉంది గనక ఎవరిదో అనుకుంది. కానీ రాగానే అంత ఆత్రంగా తింటుంటే, ఆ ఇంట్లో పాపం తిండి పెట్టరేమో అనుకుందట.

నేను ఇన్నేళ్ళ ఉద్యోగంలో రోగుల చేత, వాళ్ళ బంధువుల చేత చాలా మాటలు పడ్డాను. ఆ మాట ఒక్కటి మాత్రం మింగుడు పడలేదు. ఏం పెడతారు మీరు అని అడిగాను. పఖాల, అంటే నీళ్ళు పోసిన చద్దన్నం, దాంట్లోకి వేయించిన ఎండుచేప. మా ఇంట్లో కోడి ముక్కల్ని వాసన చూసి వదిలేసిన పెద్దమనిషి ఇక్కడ చద్దన్నం తినడానికి రైల్వే గేటు దాటి వస్తున్నాడు.

నా మొహం చూసి ఆవిడకి నవ్వొచ్చింది. స్టూలు జరిపి కూర్చోమంది. తర్వాత బల్ల కిందకి చూపించి, అసలు సంగతి చెప్పింది. ఆ నల్లది కడుపుతో ఉంది.

నేను నర్సుని. ఆమాత్రం చూడగానే తెలియాలి. కానీ ఆ పూట నా కళ్ళు వాడి మీదే ఉండిపోయాయి. కోరాపుట్ మంచులో నాలుగడుగులు ముందు నడిచి వెనక్కి తిరిగి చూసిన వాడు, ఇక్కడ ఇంకొకరి గొంతుకి తోక ఊపుతున్నాడు. నేను వాడికి ఒక్కదాన్నే అనుకున్నాను. రెండో కుక్క వద్దని నేను ఎందుకన్నానో అప్పుడు అర్థమైంది. ఇంకోదాన్ని తెస్తే, నువ్వొక్కడివే మాకు చాలలేదని వాడితో చెప్పినట్టు ఉంటుందని నా బాధ. వాడు మాత్రం ఆ మాట నాకు చెప్పడానికి ఏమీ మొహమాటపడలేదు.

ఇంటికొచ్చి అత్తగారికి చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ మొత్తం వింది. చివరికి ఒక్క మాట అడిగింది.

"అయితే ఆ కడుపులోయి మనోడి పిల్లలేటి?"

అవుననే అనుకుంటున్నాను అన్నాను.

చిక్కుడుకాయల గిన్నె పక్కన పెట్టేసింది. మర్నాడు పొద్దున్నే చర్చికి కట్టుకునే చీర కట్టుకుని, ఉడకబెట్టిన గుడ్లు డబ్బాలో పెట్టుకుని, దర్జీ కొట్టుకి బయల్దేరదీసింది నన్ను. మొగోడి తరపోళ్ళం, మనం ఒకసారి ఎల్లి సూడకపోతే బాగోదు అంది. నవ్వుతూ అందేమో అని మొహం చూశాను. నవ్వడం లేదు.

ఆ ఇద్దరు ఆడవాళ్ళూ మాట్లాడుకోవడం నేను స్టూలు మీద కూర్చుని చూశాను. మర్యాదకి లోటు లేదు, ఒకరికొకరు లొంగడమూ లేదు. మా ఇంట్లో వీడికి రోజూ గుడ్డు పెడతాం అని మా అత్తగారు. మా ఇంట్లో గుడ్డు ముట్టడే, సుఖువా అయితేనే తింటాడు అని దర్జీ ఆవిడ. సుఖువా అంటే ఎండుచేప. మా అత్తగారు అప్పుడు నా వైపు తిరిగింది. ఆవిడకి ఎండుచేప ప్రాణం. నాకా వాసన పడదు. పుండ్లు కడిగి కట్లు కట్టేదాన్ని, ఎండుచేప వేగితే మాత్రం వీధిలోకి పోతాను. నా కోసం ఆవిడ ఆ వంట మానేసింది, ఒక్క మాట కూడా అనకుండా.

"సూసేవా అమ్మీ, కుక్కకి కూడా తెలిసింది దాని రుసి" అంది.

ఆ సాయంత్రమే మా ఇంట్లో ఎండుచేప వేగింది. కుక్క కోసమేనంది. కుక్కకి రెండు ముక్కలు వెళ్ళాయి. మిగతావి ఎవరికి వెళ్ళాయో నేను అడగలేదు. గుమ్మం బయట కూర్చుని, చీర చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, లోపల ఆవిడ పళ్ళెం నాకినంత పని చేస్తున్న చప్పుడు విన్నాను.

గుడారి వాళ్ళకి మేం కబురు చెప్పేలోపే ఆ తెల్ల పిల్లని అటెండరు తన దగ్గరే ఉంచేసుకున్నాడు. జీపులో జరిగిన అవమానం తర్వాత దాన్ని ఎవరికీ ఇవ్వ బుద్ధి కాలేదట.

నల్లది ఈనిన రోజు వాన. దర్జీ ఆవిడ ఫోను చేస్తే డ్యూటీ దిగి అటే పరుగెత్తాను. ఎన్నో కాన్పులు చూసిన చెయ్యి కదా, సాయం పడదామని చేతులు కడుక్కుని బల్ల కిందకి వంగాను. అది పళ్ళు చూపించి గుర్రుమంది. నా అనుభవంతో దానికి పని లేదు. తన పని తాను చూసుకుంది. మేమిద్దరం తలుపు దగ్గర టీ తాగుతూ కూర్చున్నాం. మా వాడు మాత్రం మొదటి పిల్ల కీచుమనగానే వానలో పడి ఇంటికి పరుగెత్తి, మంచం కింద దూరాడట. ఆ సంగతి మా ఆయన ఫోనులో చెప్పి, పాపం భయపడ్డాడు అన్నాడు. మా అమ్మాయి పుట్టిన రోజు ఈయన ఎక్కడున్నాడో నాకు గుర్తుంది. ఆసుపత్రి ఎదురు టీ కొట్లో, బల్ల మీద తల పెట్టుకుని.

నాలుగు పిల్లలు. రెండు నల్లవి, ఒకటి ఎరుపు, ఇంకోటి రెండు రంగులూ కలవక మాడిన దోసెలా ఉంది. తర్వాత తర్వాత ఎర్రదానికి చెవులు రెండూ బాగా నిలబడ్డాయి. మాడిన దోసెకి ఒకటి మడత పడింది.

పిల్లలు కళ్ళు తెరిచాక మా ఇంట్లో చర్చ మళ్ళీ మొదలైంది. ఈసారి రెండో కుక్క అనే మాట పోయి, ఎర్రదా నల్లదా అనే మాట వచ్చింది. మా అమ్మాయి రోజూ బడి నుంచి అటే వెళ్ళేది, ఒళ్ళంతా రోమాలతో తిరిగొచ్చేది. మా ఆయన గాలి ఎటు వీస్తోందో చూసి ఎర్రది అన్నాడు. నేను మాత్రం వద్దనే అన్నాను. ఇప్పుడు నా కారణం నాకు తెలుసు గనక గట్టిగా అన్నాను. వాడికి తోడు కావాలని కదా మొదలైంది ఇదంతా. వాడు తోడుని వెతుక్కున్నాడు, ఇల్లు చూసుకున్నాడు, సంసారం పెట్టుకున్నాడు. ఇంక మనం చెయ్యాల్సింది ఏముంది? రోజూ వెళ్తాడు, రోజూ వస్తాడు. చాలదా?

నా మాటలో న్యాయం ఉంది గనక ఎవరూ ఎదురు చెప్పలేదు. అమ్మాయి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత సర్దుకుంది.

పిల్లలు తల్లి పాలు విడిచే వేళకి కొట్టుకి వచ్చే వాళ్ళు అడిగి పట్టుకుపోవడం మొదలైంది. ఎర్రది జయపురం నుంచి చీరల పనికి వచ్చిన వాళ్ళతో వెళ్ళిపోయింది. నల్లవి రెండూ చుట్టుపక్కల ఇళ్ళకే వెళ్ళాయి. మాడిన దోసె మిగిలింది. అది ఆడది. వచ్చిన వాళ్ళందరూ దాన్ని ఎత్తి, తిప్పి, వెనక చూసి, ఓ ఆడదా అని కింద పెట్టేసేవాళ్ళట. దర్జీ ఆవిడ తన దగ్గర రెండోదానికి చోటు లేదంది. నిజమే, బల్ల కింద అప్పటికే పగలు మా వాడు ఉంటాడు.

ఆ మాట మా అత్తగారికి చెప్పి తప్పు చేశానో ఒప్పు చేశానో. ఆవిడ అన్నం తినేసి, సంచీ పట్టుకుని, కొట్టు దాకా వెళ్లొద్దాం రా అంది. జాకెట్టు కుట్టించుకోడానికి అనుకున్నాను.

కొట్లో పిల్ల ఒక్కతే బొంత మీద కూర్చుని ఉంది. తల్లి దానికి దూరంగా పడుకుంది, పాలు మాన్పించడానికి కావచ్చు. మా వాడు మిల్లు వైపు తిరగడానికి పోయాడట. మా అత్తగారు స్టూలు మీద కూర్చుని చాలాసేపు దాన్ని చూసింది. ఆవిడకి ఇద్దరు ఆడపిల్లల తర్వాత మా ఆయన పుట్టాడు. పెద్ద ఆడపడుచు పుట్టినప్పుడు చూడడానికి ఎవరెవరు రాలేదో ఆవిడ నాకు పెళ్ళైన కొత్తలో ఒకసారి చెప్పింది. తర్వాత మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు.

"దీన్ని ఎవులూ అడగనేదేటి?" అంది.

లేదన్నట్టు దర్జీ ఆవిడ తల ఊపింది.

మా అత్తగారు నా వైపు తిరిగింది. "నువ్వు సెప్పిన మాటలో తప్పు నేదమ్మీ. ఆడికి తోడు అక్కర్నేదు. నాను తోడు కోసం అడగతం నేదు. మనింటి ఆడపిల్ల. నలుగురూ ఎత్తి దించీసేరు. ఒగ్గీసి రాలేను నాను."

ఇన్నాళ్ళూ ఇంట్లో జరిగిన చర్చలో ఎవరమూ అనని మాట అది. నా దగ్గర ఉన్న న్యాయం అంతా వేరే ప్రశ్నకి సంబంధించింది. నేను సంచీ నోరు తెరిచి పట్టుకున్నాను. ఆవిడ పిల్లని అందులో పెట్టింది. దర్జీ ఆవిడ ఒక్క నిమిషం ఆగమని, మిగిలిన గుడ్డ ముక్కలతో కుట్టి ఉంచిన చిన్న బొంత తీసి ఇచ్చింది. అది ఎప్పుడు కుట్టిందో, ఎవరి కోసం కుట్టిందో అప్పుడు మాకు తట్టలేదు. మా అత్తగారి మనసు మాకన్నా ముందు ఆవిడకే తెలిసినట్టుంది.

ఆటోలో వస్తుంటే సంచీ కదలడం చూసి డ్రైవరు, కోడా మౌసీ అని అడిగాడు. "నాతుణీ" అంది మా అత్తగారు. మనవరాలు. అతను అద్దంలోంచి ఇంకోసారి చూసి, గుంతల దగ్గర నెమ్మదిగా నడిపాడు.

మొదటి రోజు మా వాడు సాయంత్రం ఇంటికొచ్చి, గుమ్మంలో ఆ పిల్లని చూసి ఆగిపోయాడు. కొట్లో వదిలి వచ్చింది ఇంట్లో ఎలా ఉందో తేల్చుకోలేక, తిరిగి గేటు దాకా వెళ్ళి, వీధి అటూ ఇటూ చూసి వచ్చాడు. తనకి తెలియని అడ్డదారి ఏదైనా ఉందేమో అనుకున్నాడేమో. అది వెళ్ళి వాడి కాళ్ళ మధ్య నిలబడితే మాత్రం కదలకుండా నిలబడ్డాడు.

ఆ పిల్ల ఇప్పుడు పెద్దదైంది. అందం పెరగలేదు. ఈడు రాకముందే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళి ఆపరేషను చేయించాను. తర్వాత నల్లదానికి కూడా చేయించాం, దర్జీ ఆవిడా నేనూ కలిసి వెళ్ళి. దానికి కట్టు మార్చడానికి నేను వెళ్తే ఇప్పుడు గుర్రుమనడం లేదు. మా వాడు పొద్దున్నే రైల్వే గేటు దాటి వెళ్తాడు, సాయంత్రానికి వస్తాడు. సోమవారం వెళ్ళడు, ఆ రోజు కొట్టు మూసి ఉంటుందని వాడికి తెలుసు. కూతురు తండ్రి వెనక వెళ్ళదు. దానికి మా అత్తగారే లోకం. ఆవిడ పెరట్లోకి వెళ్తే పెరట్లోకి, ఆవిడ పడుకుంటే మంచం కిందకి. మధ్యాహ్నాలు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇద్దరూ వీధి అరుగు మీద కూర్చుని ఉంటారు. పిల్ల నిద్రపోతూ ఉంటుంది. ఆవిడ దాని వీపు మీద చెయ్యి వేసి, దారిన పోయే వాళ్ళతో మాట్లాడుతూ ఉంటుంది. మాడిన దోసె అని మేం పెట్టిన పేరు ఆవిడకి నచ్చదు. చామనఛాయ అంటుంది.